గుర్రమాయన బయలు

“సార్, కాయ కొట్టినారా అని అడగమనింది మా పెద్దమ్మ.”

పోయిన నెల ఒక మధ్యాహ్నం ఇంట్లో ఫోనెత్తితే అవతలి నుంచి వచ్చిన మొదటి మాట ఇది. గొంతు కొత్త. రాంగు నంబరని పెట్టేయబోయాను గానీ, ‘కాయ’ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. రాయచోటి దగ్గరి పల్లె నుంచి మాట్లాడుతున్నానంది ఆ అమ్మాయి. మస్కట్‌లో పనిచేసి వచ్చిన వాళ్ళ పెద్దమ్మ పోయి పదకొండు రోజులైందట. పాత నోటుపుస్తకంలో మా కాకినాడ ఇంటి నంబరు దొరికిందట. నేనే ఎప్పుడో రాసిచ్చాను. ఆ నంబరు ఇప్పటికీ మోగడం ఆవిడ పట్టుదలో నా కర్మో తెలియదు.

“ఆఖర్లో మాట సరిగ్గా రాల్యా సార్. అయినా రెండు తూర్లు అడిగింది. కొట్టినారా?”

“మళ్ళీ చేస్తానమ్మా,” అని పెట్టేశాను. అరవై ఆరేళ్ళు వచ్చాక కూడా ఇంత పిరికి జవాబు నా నోట రావడం నాకే రోత పుట్టించింది. ఆ పూట మొదలు కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. బీరువా మీద పాత సూట్‌కేసులో, తువ్వాల్లో చుట్టి ఒక కొబ్బరికాయ ఉంది. అది నాది కాదు. నాకూ కాదు. అది వియన్నా నగరంలో ఒక గుర్రపు రౌతు విగ్రహానికి చెందవలసిన కాయ.

ఆవిడ పేరు రాయను. పేరడిగితే, “పాస్‌పోర్టులో ఉండాది, సాలు,” అనేది. నేను అక్కా అనేవాణ్ణి. ఆవిడ నన్ను నాయనా అనేది. నేను ఆవిడకంటే పదిహేనేళ్ళు చిన్న.

ఎనభై తొమ్మిదిలో నేను మస్కట్ పక్కన బౌషర్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేరాను. చేరిన వారానికే ఒక చక్రాల కుర్చీ తలుపు తోసుకుని గదిలోకొచ్చింది. కుర్చీలో నల్లటి అబాయాలో ఒక ఒమానీ ముసలావిడ. వెనక నేతచీర మీద మగవాళ్ళ కోటు తొడుక్కున్న సన్నటి ఆడమనిషి. ఆసుపత్రి ఏసీ చలి ఆవిడకు పడదు. “ఈ సీకటి కొట్టంలో పెద్దామెను యాడ పండబెట్టాల సామీ,” అని తనలో తను గొణుక్కుంటోంది. నేను తెలుగులో జవాబిచ్చాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు, ఏ ఊరని కూడా అడగలేదు. “తెలుగోడివా నాయనా. అయితే మెల్లింగా పట్టుకో. ఆమె మోకాళ్ళు కోడిగుడ్లు,” అంది.

ఫిల్ము తీసేటప్పుడు బయట కూర్చోమన్నాను. కూర్చుంటేనా! పది నిమిషాల్లో వరండాలో ఎన్ని చుట్లు తిరిగిందో. అవును మరి, ఆవిడ కూర్చోగా నేను చూసింది తొమ్మిదేళ్ళలో నాలుగైదు సార్లు. అన్నం నిలబడే తినేది. టీ గ్లాసు పట్టుకుని నడుస్తూ తాగేది. ఒకచోట నిలబడాల్సి వస్తే కుడి మడమ నేలకేసి టకటకా కొట్టేది. “కూసుంటే కాళ్ళు మర్సిపోతాయి నాయనా, మల్ల పిలిస్తే రావు,” అనేది. నడిచే మనిషిని ఎవరూ ‘ఏం చేస్తున్నావ్’ అని అడగరని, కూర్చున్న మనిషినే అడుగుతారని ఆవిడ లెక్క. పన్నెండు మంది ఉండే విల్లాలో పనిచేసిన మనిషి చెప్పిన మాట కాబట్టి నేను వాదించలేదు.

ఆవిడ చూసుకునే ముసలావిడనే పెద్దామె అనేది. పెద్దామె కొడుకులు ప్రతి వేసవికీ తల్లిని మోకాళ్ళ వైద్యానికి వియన్నా తీసుకెళ్ళేవాళ్ళు. తోడుగా అక్క. జూన్‌లో వెళ్తే సెప్టెంబరు దాకా అక్కడే. వియన్నా అని అక్క నోట నేనెప్పుడూ వినలేదు. “సలి ఊరు” అనేది. పొద్దున ఆసుపత్రిలో వైద్యం, మధ్యాహ్నం నుంచి కొడుకులు, కోడళ్ళు షాపులకు. మిగిలేది ఈ ఇద్దరూ, ఒక కుర్చీ, జేబునిండా ఖర్జూరాలు.

పెద్దామెకు ఎండ కావాలి. చలికి కీళ్ళు బిగుసుకుపోయేవి. ఆ ఊళ్ళో వీధులన్నీ ఎత్తైన మేడల మధ్య నీడగా ఉంటాయి, ఎండ దొరికేది కూడళ్ళలోనే. నేను కూడలి అంటే ఆవిడ ఒప్పుకునేది కాదు. “కూడలంటే బండ్లు కూడే తావు. ఇది బయలు. మనుసులు ఊరకే నిలబడే తావు,” అనేది. కాబట్టి బయలే అందాం. ఏ బయల్లో ఎండ ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో ఆవిడకు కంఠతా వచ్చు. ఒంటిగంటకు పావురాళ్ళ బయలు. అక్కడ నీడ పడగానే మబ్బుల స్తంభం బయలు. మూడింటికి నీళ్ళబుంగల బయలు. నాలుగు దాటాక గుర్రమాయన బయలు, అక్కడ తెల్లగోడకు తగిలి ఎండ మళ్ళీ వెనక్కి వస్తుందట. ఇలా రోజంతా ఎండ వెనక కుర్చీ తోసుకుంటూ ఒక బయలు నుంచి ఇంకో బయలుకు పరుగు. మా ఎక్స్‌రే గది వరండాలో నిలబడి, మడమ కొట్టుకుంటూ ఇదంతా చెప్పేది. కుర్చీలో పెద్దామె తెలుగు ముక్క అర్థం కాకపోయినా తలాడించేది.

ఇక్కడే ఆవిడ పద్ధతి ఒకటి చెప్పాలి. ఏ బయలుకు వెళ్ళినా నడిమధ్యలోంచి అడ్డంగా దాటేది కాదు. మధ్యలో స్తంభమో విగ్రహమో ఫౌంటెనో ఏదుంటే అది కుడిచేతికి పెట్టుకుని, కుర్చీతో సహా మూడు చుట్లు తిరిగేది. ఒక్కో చుట్టుకూ పెద్దామె ఒక ఖర్జూరం తిని గింజ అక్క చేతిలో పెట్టేది. మూడు గింజలయ్యాక కుర్చీ ఎండలో ఆగేది. ఎందుకలా అంటే, “కొత్త ఊర్లో నడిమిట్ల ఎవురుండారో మనకేమి తెలుసు? సుట్టు తిరిగి అడిగి నిలబడితే పోయిందేముండాది,” అంది.

అందుకే మస్కట్ అంటే ఆవిడకు చెడ్డ కోపం. మస్కట్ నిండా రౌండబౌట్లే కదా. ఒకదాని మధ్యలో కాఫీకూజా, ఒకదాని మధ్యలో చేపలు, ఇంకోదాంట్లో గడియారం. చుట్టూ గడ్డి, పూలు. మనిషి నిలబడే వీలు మాత్రం లేదు, కార్లే తిరగాలి. అవి కూడా ఎలా తిరుగుతాయి? అక్కడ బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కాబట్టి, నడిమి బొమ్మ ఎప్పుడూ ఎడమచేతికే వస్తుంది. ఆసుపత్రికి వచ్చే దారిలో ఘాలా దగ్గర కారు రౌండబౌట్ ఎక్కిందంటే ఆవిడ కళ్ళు మూసుకునేదట. “మా కడపలో ఆర్టీసీ బస్సు సైతం సర్కిల్ని కుడిపక్క పెట్టుకుని తిరుగుతాది. ఈడ ఊరు ఊరంతా ఎడమసుట్టు తిరుగుతాంటే మోకాళ్ళు ఎట్ల బాగుపడతాయి?” అని నన్ను నిలదీసింది. ట్రాఫిక్ రూల్సు నేను పెట్టినట్టు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నేను చేరిన మూడో వేసవిలో మొక్కు పడింది. ఆ రోజు వాన పట్టుకుందట. గుర్రమాయన బయల్లో జనమంతా తలో గుమ్మంలోకి పరిగెత్తారు. కుర్చీ చక్రం రాళ్ళ సందులో ఇరుక్కుని కదల్లేదు. పెద్దామె తడిసి, నొప్పికి ఏడుస్తోంది. ఎదురుగా రౌతు. ఆయన కుడిచెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి కిందికి చేసి ఉంటాడు. గుర్రం ముందరి కాలొకటి ఎత్తి ఉంటుంది.

“అభయం ఇచ్చినట్టే ఉండాడు నాయనా. ఆ వానకి అందురూ పారిపోయిరి, ఆయనొక్కడే తడస్తాండాడు మా మాదిరి. సామీ, నీ గుర్రం కాలెత్తినట్ల మా పెద్దామె కాలెత్తి గడప దాటితే, మల్ల వచ్చి నీకు కాయ కొడతా అనుకుంటి.”

వాళ్ళు తిరిగొచ్చిన ఆ చలికాలమే పెద్దామె కుర్చీ దిగి, నా ఎక్స్‌రే బల్ల దాకా నాలుగడుగులు వేసింది. నేనే చూశాను. వైద్యం వల్లనే అనుకోండి, నేనూ అదే అనుకున్నాను. మరో రెండు నెలలకు కర్ర పట్టుకుని విల్లా గడప దాటిందట.

అక్కకు మాత్రం అప్పట్నుంచే నిద్రపట్టని రోజులు. మొక్కు ఫలించింది, తీర్చాలి. తీర్చాలంటే చలి ఊరు పోవాలి. పెద్దామె నడుస్తోంది కాబట్టి చలి ఊరు పోయే పని ఇక లేదు. దేవుడు అడిగింది ఇచ్చి దారి మూసేస్తే మనిషి ఏం చెయ్యాలి? మొక్కు తీర్చకపోతే ఇచ్చిన కాళ్ళు వెనక్కి పోతాయని ఆవిడ భయం. పెద్దామె కొంచెం తూలినా, మెట్టు దగ్గర ఆగినా అక్క ముఖం పాలిపోయేది. చివరికి పెద్దకొడుకు దగ్గరికే వెళ్ళి అడిగేసింది. నన్నొక్కసారి ఆ ఊరు పంపు, రెండ్రోజుల్లో వచ్చేస్తా అని. ఆయనకు సగం అర్థమైంది, ఆ సగంతోనే కలవరపడ్డాడు. తెలుగు తెలిసిన మనిషి ద్వారా సరిగ్గా కనుక్కుందామని తల్లినీ అక్కనూ కారులో ఎక్కించుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు.

ఆయన మంచివాడే. ఒంటి మీద తెల్లటి దిష్‌దాషా అంగీ, చేతిలో కారు తాళాలు, గొంతు ఎప్పుడూ పెంచడు. “ఈమె మా అమ్మను విగ్రహం చుట్టూ తిప్పానంటోంది. ఎందుకు తిప్పిందో అడుగు,” అన్నాడు నాతో.

నేను అడిగాను. ఆవిడ ఉన్నదున్నట్టు చెప్పింది. ఇది ఇలాగే చెబితే ఆవిడ వీసా రద్దయి రేపో ఎల్లుండో విమానమెక్కిస్తారని నా భయం. అందుకని నాకొచ్చిన ఆసుపత్రి అరబ్బీలో, కుర్చీని ఎండలో కదుపుతూ ఉండమని డాక్టర్లు చెప్పారనీ, నయమైంది కాబట్టి ఆ డాక్టర్లకు కృతజ్ఞత చెప్పి రావాలనుకుంటోందనీ అల్లేశాను. బాగానే అల్లాననుకున్నాను కూడా.

మడమ చప్పుడు ఆగింది. “లా, బాబా,” అంది అక్క నేరుగా ఆయనతో. కాదు అని. “డాక్టర్ లా. హిసాన్.”

హిసాన్ అంటే గుర్రం. గుర్రమని చెప్పి, కుడిచెయ్యి ముందుకు చాపి, అరచెయ్యి కిందికి పెట్టి, ఎడమ కాలు కొంచెం ఎత్తి, నా ఎక్స్‌రే గది మధ్యలో ఆ విగ్రహంలా నిలబడింది. తర్వాత రెండు చేతులూ దోసిలి పట్టి, “దువా,” అంది. ప్రార్థన అని.

అప్పుడు నా వైపు తిరిగింది. “నా నోట్లో మాట నువ్వేమిటికి మింగుతావు నాయనా? నేనేమన్నా దొంగతనం చేసినానా?”

ఆరేళ్ళుగా ఆ ఇంట్లో అరబ్బీ వింటున్న మనిషికి నేను చెప్పింది తెలియదనుకోవడం నా తెలివితక్కువ. పెద్దకొడుకు ముఖం గట్టిపడింది. తల్లి వైపు చూశాడు. ఇంత జరుగుతున్నా పెద్దామె ఖర్జూరం నములుతూ కూర్చుంది. గింజ తీసి అలవాటుగా అక్క చేతిలో పెట్టింది.

“తిరిగింది దీని కాళ్ళు,” అంది కొడుకుతో. “నేను కూర్చునే ఉన్నాను. దీని మొర ఇది చెప్పుకుంది. నా మొర నేను ఎవరికి చెప్పుకోవాలో వాడికే చెప్పుకున్నాను. నా కాళ్ళు నడుస్తున్నాయి. ఇందులో నీకేం నష్టం?”

ఆయన చాలాసేపు తాళాలు చేతిలో తిప్పాడు. చివరికి కొంచెం నవ్వాడు. పనిలోంచి తీసేయలేదు. కానీ ఆ ఊరి మాట మళ్ళీ ఎత్తవద్దన్నాడు. అది ఎవరికైనా న్యాయంగానే కనిపిస్తుంది. అక్కకు మాత్రం కాదు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడను చూస్తే నాకే ఊపిరాడేది కాదు. ఆసుపత్రికొచ్చిన ప్రతిసారీ, “ఎవురన్నా సలి ఊరు పోతాండారా?” అని అడిగేది. నర్సులను అడిగేది, కాంటీన్లో అడిగేది. అడిగి జవాబు కోసం ఆగకుండా నడిచేది.

తొంభై ఆరులో మా ఆసుపత్రికి కొత్త స్కానింగ్ మిషను వచ్చింది. దాని మీద పన్నెండు రోజుల శిక్షణకు నన్ను పంపారు. పంపింది వియన్నాకే. ఈ కబురు ఆవిడకెలా తెలిసిందో గానీ, మర్నాడే రువీ బజార్లో కొన్న కొబ్బరికాయతో దిగింది. పీచు తీసి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. దారి చెప్పింది. అది దారి కాదు, ఆవిడ కాళ్ళు గుర్తుపెట్టుకున్న ఊరు.

“పావురాళ్ళ బయలు కాడ దిగు. పెద్ద గోపురం ఈపుకి ఏసుకో. మబ్బులన్నీ ముద్ద చేసి నిలబెట్టిన మాదిరి ఒక స్తంభముండాది, అది కుడిచేతికి పెట్టుకుని పో. గుర్రప్పేడ వాసన వచ్చిన కాడ ఆగు. కమాను కింద దూరు. మూడు దిక్కులా తెల్లమేడ. అంతే. మూడు సుట్లు తిరుగు, కాయ కొట్టు, నీళ్ళు ఆయన కాళ్ళ కాడ పొయ్యి.”

“బొమ్మ గుర్రానికి పేడ వాసనేమిటక్కా?” అన్నాను.

“పోయి సూడు,” అంది.

రూమ్‌లో సూట్‌కేసు సర్దుతుంటే నా పక్క మంచం జగిత్యాల అతను కాయ చూసి, “ఏందన్నా, ఆడ కొబ్బరికాయలు దొరకవా? ఎవల మొక్కు గిది?” అన్నాడు. చెప్పాను. అతను నవ్వుతాడనుకున్నా. “అయితే బట్టల నడ్మ పెట్టన్నా, పగుల్తది,” అని తన తువ్వాలు ఇచ్చాడు. ఇప్పటికీ కాయ చుట్టూ ఉన్నది ఆ తువ్వాలే.

శిక్షణ నాలుగింటికి అయిపోయేది. అక్టోబరు, ఆరింటికల్లా చీకటి. ఉన్న రెండు గంటల్లో భుజాన సంచి, సంచిలో కాయ, చేతిలో మ్యాపు. పావురాళ్ళ బయలు తేలిగ్గానే దొరికింది. మబ్బుల స్తంభం చూసి మాత్రం నిలబడిపోయాను. అది మొత్తం రాతిమబ్బులే, ఒకదాని మీద ఒకటి పొంగుకుంటూ పోయాయి, మబ్బుల మధ్య దేవతలు, పైన బంగారు పూత. అచ్చం ఆవిడ చెప్పినట్టే ఉంది. దాన్ని కుడిచేతికి పెట్టుకుని నడిచాను. నాకే నవ్వొచ్చింది.

కాస్త దూరం పోయేసరికి నిజంగానే గుర్రప్పేడ వాసన. జట్కాబళ్ళు వరసగా నిలబడి ఉన్నాయి. ఎదురుగా బ్రహ్మాండమైన కమాను. దూరాను. అవతల మైదానమంత బయలు, అందులో ఒకటి కాదు రెండు గుర్రాలు, ఎదురెదురుగా. రెండూ ముందుకాళ్ళు రెండూ పైకెత్తి దూకుతున్నాయి. అభయం ఇచ్చే రౌతు ఒక్కడూ లేడు. ఆ సాయంత్రం పోయింది. మర్నాడు ఇంకో బయలు, అక్కడ చుట్టూ ట్రాములు తిరిగే గుర్రం. ఆ మర్నాడు మెట్ల మీద గుర్రం. ఆ ఊళ్ళో గుర్రాలకు కొదవలేదు. గుర్రానికో బయలు, బయలుకో ఫౌంటెను, ప్రతి బయల్లో బల్లల మీద ఊరికే కూర్చున్న మనుషులు. వాళ్ళను ఎవరూ ఏమీ అడగడం లేదు. అన్ని రోజులు తిరిగాక నాకు ఒక సంగతి తట్టింది. నేల అంతా గుండ్రాళ్ళు పరిచి ఉంది. ఉత్త కాళ్ళతో నడిస్తేనే నా మడమలు నొప్పెడుతున్నాయి. ఆ రాళ్ళ మీద మనిషి కూర్చున్న కుర్చీని రోజుకు నాలుగు బయళ్ళు, బయలుకు మూడు చుట్లు తోసింది ఆవిడ. ఎండ సంగతి చెప్పింది, పావురాళ్ళ సంగతి చెప్పింది. రాళ్ళ సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు.

పదో రోజు జట్కాబళ్ళ దగ్గర పెద్ద కమాను వదిలేసి, పక్కనున్న చిన్న కమాను కింద దూరాను. అక్కడ గుర్రాలశాల ఉంది, అసలు వాసన దానిదే. రెండడుగులేస్తే మూడు దిక్కులా తెల్లమేడ. నడుమ ఎత్తైన రాతి దిమ్మ మీద ఆయన. చాచిన కుడిచెయ్యి, కాలెత్తిన గుర్రం. తెల్లగోడకు తగిలిన ఎండ వెనక్కొచ్చి ఆయన చేతి మీద పడింది. నాకు ఒళ్ళు జలదరించింది, ఒప్పుకుంటాను.

కుడిచేతికి పెట్టుకుని మూడు చుట్లు తిరిగాను. సంచిలో చెయ్యి పెట్టి కాయ పట్టుకున్నాను. దిమ్మ అంచు చూసుకున్నాను, రాయి గట్టిదే. అప్పుడు చుట్టూ చూశాను, అదే నేను చేసిన తప్పు. మెట్ల మీద పుస్తకాలు పట్టుకున్న విద్యార్థులు. కుక్కతో ఒక పెద్దమనిషి. నా ఒంటి మీద శిక్షణకు వేసుకున్న కోటు, టై. దిమ్మ మీద రాసింది కూడా చదివాను, ఎవరో చక్రవర్తి, పోయి రెండు వందల ఏళ్ళు. చదువుకున్నవాణ్ణి, ఒక పాత రాజుకు నడివీధిలో కొబ్బరికాయ కొట్టడమేమిటి? ఎవరైనా పోలీసును పిలిస్తే? రేపు పొద్దున్నే జనం ఉండరు, అప్పుడు కొడదాం అనుకున్నాను. మర్నాడు వాన. ఆ మర్నాడు సర్టిఫికెట్లు, విమానం. వానలో జనమంతా పారిపోయి ఆయనొక్కడే తడుస్తూ ఉంటాడని నాకు తెలుసు. అయినా హోటల్ గదిలోంచి కదల్లేదు.

బౌషర్‌లో డ్యూటీకి వెళ్ళిన మొదటి పొద్దునే వరండాలో మడమ చప్పుడు వినిపించింది.

“కొట్టినావా?”

“కొట్టానక్కా,” అన్నాను. నేను అనుకునే అన్నానా అంటే చెప్పలేను. నాలుక మీద అదే సిద్ధంగా ఉంది.

ఆవిడ చెప్పులు వదిలింది. కొంగు తల మీదికి లాక్కుంది. కుడి అరచేతి కింద ఎడమ అరచెయ్యి చేర్చి నా ముందు చాపింది.

“ఏదీ, చిప్ప?”

కాయ కొడితే ఒక చిప్ప దేవుడి దగ్గర, ఒక చిప్ప మొక్కుకున్నవాళ్ళకు ప్రసాదం. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ చూస్తున్నదే. పన్నెండు రోజులు ఆ కాయ మోసినవాణ్ణి, దానికి రెండు చిప్పలుంటాయని నాకు తట్టలేదు. చాపిన చేతుల ముందు నిలబడ్డాను. ఆవిడ నా ముఖం చూసింది. చేతులు మెల్లగా కిందికి దించింది. చెప్పులు తొడుక్కుంది.

మర్నాడు కాయ తెచ్చిచ్చాను. జరిగిందంతా చెప్పాను. కుక్క, టై, వాన, అన్నీ. ఆవిడ కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. “ఇంగా నీళ్ళుండాయి,” అంది. “ఎండ పడిందా ఆయన సేతి మీద?” అని అడిగింది. పడిందన్నాను. “గుర్రప్పేడ వాసన?” వచ్చిందన్నాను. కళ్ళు తుడుచుకుంది. కాయ నా చేతిలోనే పెట్టింది.

“మొక్కు నాది. మాట నీది. నీ కాడనే పెట్టుకో.”

తొంభై ఎనిమిదిలో పెద్దామె పోయింది. చివరి రోజు దాకా నడిచిందని, పొద్దున కాఫీ కూడా తనే తెచ్చుకుందని పెద్దకొడుకు చెప్పాడు. కాళ్ళు వెనక్కి పోలేదు. ఆ మాట విని అక్క ఏమనుకుందో నాతో చెప్పలేదు. వీసా ముగించుకుని ఆ నెలలోనే వెళ్ళిపోయింది. ఎయిర్‌పోర్టుకు నేను వెళ్ళాను, మా ఇంటి నంబరు నేను రాసిచ్చింది అప్పుడే. జనాన్ని లోపలికి పిలిచేదాకా కుర్చీల వరస చుట్టూ తిరుగుతూనే ఉంది. కాయ మాట ఎత్తలేదు. నేనే సంచి చూపించాను. వద్దన్నట్టు తలాడించి లోపలికి నడిచింది. ఎవరినైనా తోస్తున్నట్టు రెండు చేతులూ కొంచెం ముందుకు పెట్టుకుని నడిచింది.

నేను రెండువేలలో ఇంటికొచ్చేశాను. కాయలో నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయాయి. ఇప్పుడు ఊపితే లోపల కురిడీ ఊడి గలగలమంటుంది. ఫోనొచ్చిన తర్వాత నాలుగు రోజులు నాతో నేను బేరాలాడాను. మా వీధి చివర గుడి ఉంది, అక్కడ కొట్టేసి కొట్టానని చెప్పొచ్చు. ఆవిడ ఇక అడగదు. కానీ ఆవిడ దగ్గర రెండుసార్లు అబద్ధమాడాను, రెండుసార్లూ నిమిషంలో దొరికిపోయాను. మూడోదానికి ధైర్యం చాల్లేదు. రాయచోటికి ఫోన్ చేసి, “ఇంకా కొట్టలేదమ్మా, కొడతాను,” అన్నాను.

ఆ అమ్మాయి, “చిప్ప తెస్తారా సార్?” అంది.

తెస్తానన్నాను.

నిన్న ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళాను. వీసా కాగితం నింపే అమ్మాయి మా మనవరాలి ఈడుది. నా వయసు చూసి, ఒంటరి ప్రయాణమని తెలిసి, కుర్చీ దగ్గరకు లాక్కుంది. “ప్రయాణం ఎందుకు అని ఉంది సార్. టూరిజం పెట్టేస్తా, అందరూ అదే పెడతారు.”

“వద్దమ్మా. కింద ‘ఇతరం’ అని ఉంటుంది చూడు, అక్కడ పెట్టు.”

“అదైతే ఏంటో రాయాలి సార్.”

“మొక్కు అని రాయి.”

ఆ అమ్మాయి రాయడం ఆపి నా వైపు చూసింది. నవ్వలేదు, పాపం. “దేవుడికనే కదా సార్?” అంది, సాయం చేద్దామని.

అవునంటే సరిపోయేది.

“కాదమ్మా,” అన్నాను. “గుర్రమాయనకి.”